ముద్దు జబ్బు

కనకదుర్గకి నాయనమ్మ పేరు పెట్టారు. ఏలూరులో ఇంటిల్లిపాదీ దుర్గ అనే పిలిచేవారు. సస్కటూన్ వచ్చి సూపర్ మార్కెట్‌లో పార్ట్‌టైమ్ పనికి చేరాక, మేనేజరు ఆ పేరు పలకలేక బ్యాడ్జి మీద సగానికి కోసి "కనక" అని కొట్టించాడు. అప్పట్నుంచీ కెనడాలో అందరికీ కనకే. ఒక్క వర్షిణి మాత్రం దుర్గా అని పిలిచేది.

వర్షిణిది కరీంనగర్. ఇద్దరూ ఒక ఊరివాళ్ళు కారు, ఒక కోర్సు కూడా కాదు. బేస్‌మెంట్ అద్దెకుందని వాట్సాప్ గ్రూపులో చూసి, ఒకే రోజు సూట్‌కేసులు లాక్కుంటూ అదే గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. అదే పరిచయం. ఆ ఏడాది కాలేజీలన్నీ మనవాళ్ళతో కిటకిటలాడుతున్నాయి. గది దొరకడమే గొప్ప. ఉన్న రెండు గదుల్లో ఒకటి నెల్లూరమ్మాయి స్వీటీ అప్పటికే తీసేసుకుంది. రెండోదాంట్లో వీళ్ళిద్దరూ చేరారు.

చేరాక ఇక ఇద్దరికీ వేరన్నది లేకుండా పోయింది. వర్షిణే కనకదుర్గని తను అప్పటికే పనిచేస్తున్న మార్కెట్‌లో పనికి పెట్టించింది. ఒకే బస్సు ఎక్కేవారు, ఒకే షిఫ్టుకి వెళ్ళేవారు. బ్రేక్‌లో ఒకే డబ్బా తెరిచి, ఒకే చెంచాతో పెరుగన్నం తినేవారు. నీళ్ళ సీసా ఒక్కటే తీసుకెళ్ళేవారు, రెండో సీసా బరువెందుకని. అవతల మంచు మోకాలిదాకా పడుతుంటే ఒక దుప్పట్లో దూరి ఫోన్‌లో సినిమాలు చూసేవారు. తోడబుట్టినవాళ్ళెవరూ లేని కనకదుర్గకి అక్కచెల్లెళ్ళుంటే ఇలాగే ఉంటుందేమో అనిపించేది.

ఫిబ్రవరిలో ఆమెకి ఒంట్లో బాగోలేకుండా వచ్చింది.

మొదట అలసట. నిద్ర లేచేసరికే ఎవరో ఒళ్ళంతా పిండి ఆరేసినట్టుండేది. తరవాత గొంతు. ఉమ్మి మింగాలన్నా భయమేసేది. మెడకి రెండు వైపులా ఉసిరికాయలంత గడ్డలు తేలాయి. అయినా పనికి వెళ్ళింది. స్టోర్ వెనకవైపు పాల క్రేట్లు దించుతుంటే కళ్ళు బైర్లు కమ్మి, ఆ క్రేటు మీదే కూలబడిపోయింది. వర్షిణి పరిగెత్తుకొచ్చి, మేనేజర్‌తో చెప్పి ఇంటికి తీసుకొచ్చింది.

వాక్-ఇన్ క్లినిక్‌లో గొంతు చూసి, ఇన్‌ఫెక్షనని అమాక్సిసిలిన్ రాసిచ్చారు. అది వాడుతుండగానే ఛాతీ నుంచి కాళ్ళదాకా ఎర్రటి దద్దుర్లు లేచాయి. అద్దంలో చూసుకుని కనకదుర్గ ఏడ్చేసింది.

"ఏం గాదే, నేనున్న గద" అని వర్షిణి ఆ రోజు క్లాసు ఎగ్గొట్టి మరీ ఆమెని మళ్ళీ క్లినిక్‌కి తీసుకెళ్ళింది. ఈసారి వేరే డాక్టరు రక్తం తీయించాడు. రిపోర్టు వచ్చాక మళ్ళీ పిలిస్తే, అప్పుడు కూడా వర్షిణే తోడు వెళ్ళింది. పక్క కుర్చీలోనే కూర్చుంది.

"మోనో" అన్నాడు డాక్టరు కంప్యూటర్ మీంచి తల తిప్పి. "కాలేజీ పిల్లల్లో చూస్తూనే ఉంటాం. జనం దీన్ని ముద్దు జబ్బంటారు." చిన్నగా నవ్వాడు. బహుశా రోజూ చెప్పే మాటే అయ్యుంటుంది. "యాంటీబయాటిక్ ఆపేయండి. దానికీ దీనికీ పడకే ఆ దద్దుర్లు."

"మరి వేరే మందు ఇస్తారా డాక్టర్?" వర్షిణి అడిగింది.

"దీనికి మందు లేదు. ఇది వైరస్. ఎప్‌స్టీన్-బార్ అని, హెర్పిస్ కుటుంబంలోది. విశ్రాంతి తీసుకుంటే దానంతటదే తగ్గుతుంది. బరువులు మాత్రం కొన్ని వారాలపాటు ఎత్తొద్దు. ప్లీహం వాచి ఉంటుంది, దెబ్బ తగిలితే చిట్లే ప్రమాదముంది. కడుపులో ఎడమవైపు హఠాత్తుగా నొప్పొస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి."

ఆయన ఇంకా ఏదో చెప్పాడు. కనకదుర్గ బరువుల దగ్గరే ఆగిపోయింది. పని పోతుందేమో అన్నదే ఆమె బెంగ. వర్షిణి ఎక్కడ ఆగిపోయిందో ఆమెకి ఇంటికెళ్ళే దారిలో తెలిసింది.

బస్సులో పక్కన సీటు ఖాళీగా ఉన్నా వర్షిణి నిలబడే ఉంది. దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. దిగి నడుస్తున్నప్పుడు, ముఖం మఫ్లర్‌లో దాచుకుని, "ఎవడే?" అంది.

"ఎవడేంటి?"

"నాకన్నా చెప్పొచ్చు గద. ముద్దు జబ్బన్నడు. ఊరికే అంటడా?"

"ఒట్టు వర్షీ. నాకెవరున్నారు? నువ్వు చూడని రోజేముంది నాకు?"

వర్షిణి ఇంకేం అడగలేదు. అడగకపోవడమే కనకదుర్గకి గుచ్చుకుంది.

ఆ సాయంత్రమే వర్షిణి తన పరుపు స్వీటీ గదిలోకి లాక్కెళ్ళింది. "నీకు రెస్ట్ కావాలె గదనే" అంది, కళ్ళు కలపకుండా. మర్నాటికి వంటింట్లో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా విడిగా స్టవ్ చివర పెట్టి ఉన్నాయి. స్వీటీ బాత్రూమ్‌లోకి వెళ్ళే ముందు ఘాటు వాసనొచ్చే స్ప్రే కొడుతోంది. ఫోన్‌లో హెర్పిస్ అని వెతికి, వచ్చిన సుఖవ్యాధి బొమ్మలన్నీ వర్షిణికి చూపించిందని తరవాత తెలిసింది. ఆ బొమ్మలు చూసినవాళ్ళెవరైనా పరుపు లాక్కెళ్తారని కనకదుర్గే తనకి తాను సర్దిచెప్పుకుంది.

కానీ మాట ఇంట్లో ఆగలేదు. మార్కెట్‌లో పనిచేసే మనవాళ్ళ గ్రూపులో ఆమె హలో అన్నా ఎవరూ పలకడం లేదు. సూపర్‌వైజర్ కోదండరామ్, అన్నయ్యా అని పిలిచినప్పుడల్లా మురిసిపోయేవాడు, "మీరు పూర్తిగా తగ్గాకే రండి కనక గారూ" అని మెసేజ్ పెట్టాడు. నిన్నటిదాకా నువ్వు అన్నవాడు. ఆ గారు చూసి ఆమెకి విషయం అర్థమైపోయింది.

అమ్మకి జ్వరమని మాత్రమే చెప్పింది. "ఉప్పునీళ్ళు పుక్కిలించు తల్లీ, మిరియాల చారు పెట్టుకో. వర్షిణి ఉందిగా పక్కన, నాకదే ధైర్యం" అంది అమ్మ. ఉందమ్మా అంది కనకదుర్గ. ముద్దనీ, హెర్పిసనీ రెండు ముక్కలు అమ్మ చెవిన వేస్తే ఏలూరులో నిద్రపోయేవాళ్ళెవరూ ఉండరు. గొంతు నొప్పని ఫోన్ త్వరగా పెట్టేసేది. నొప్పి నిజమే కాబట్టి అబద్ధమాడినట్టు ఉండేది కాదు.

పగళ్ళు గడవడమే కష్టమైపోయింది. వాళ్ళిద్దరూ వెళ్ళాక ఇల్లంతా, గదులు వెచ్చబెట్టే ఫర్నేస్ చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. బేస్‌మెంట్ కిటికీ నేలమట్టానికి ఉండి, సగందాకా మంచు కప్పేసింది. మిగతా సగంలోంచి వీధిలో పోయేవాళ్ళ బూట్లు కనబడేవి. ఆమె ఆ బూట్లనే చూస్తూ పడుకునేది. లేచి అన్నం వండుకోవడానికి ఓపిక కూడగట్టుకోవాలి, తినడానికి ఇంకోసారి కూడగట్టుకోవాలి. ఒక్కోసారి వండాక తినకుండానే పడుకుండిపోయేది. పక్కన పరుపు తీసేసిన చోట కార్పెట్ కొత్తగా, ముదురు రంగులో ఉండేది. అటు తిరిగి పడుకోవడం మానేసింది.

ఒక మధ్యాహ్నం ఇక ఉండలేక 811కి ఫోన్ చేసింది. జబ్బుల గురించి నర్సుతో మాట్లాడొచ్చని కాలేజీ ఓరియెంటేషన్‌లో చెప్పిన నంబరు. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక పెద్దావిడ గొంతు పలికింది. కడుపునొప్పి ఉందా, ఊపిరి ఆడుతోందా, నీళ్ళు తాగుతున్నారా అని ఒక్కొక్కటే ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. కనకదుర్గ అన్నిటికీ జవాబు చెప్పింది. ఇన్ని రోజుల్లో ఎవరైనా ఆమెని ఇన్ని ప్రశ్నలడగడం అదే మొదలు.

"ఇంకేమైనా అడగాలా అమ్మా?" అందావిడ.

"నా రూమ్మేట్లు భయపడుతున్నారు. వాళ్ళు వేయించుకోడానికి వ్యాక్సిన్ ఏమైనా ఉందా?"

"దీనికి లేదు. ప్రయోగాలు జరుగుతున్నాయి కానీ, వేయించుకోగల వ్యాక్సిన్ ఇంకా రాలేదు. ఇదే కుటుంబంలో చికెన్‌పాక్స్‌కి ఉంది. ఆ చికెన్‌పాక్స్ వైరసే ఒంట్లో దాక్కుని, పెద్దయ్యాక నడుం చుట్టూ పొక్కులై తిరగబెడుతుంది, షింగిల్స్ అంటాం. దానికీ ఉంది. దీనికి మాత్రం లేదు."

నడుం చుట్టూ పొక్కులనగానే కనకదుర్గకి నాయనమ్మ గుర్తొచ్చింది. సర్పి లేచిందని నాయనమ్మ చీర కట్టుకోలేక ఎంత అల్లాడిందో. ఇంటికొచ్చినవాళ్ళు చుట్టూ కూర్చుని విసనకర్రతో విసిరారు. ఎవరూ లేచి వెళ్ళిపోలేదు.

"ఇది కూడా హెర్పిసేనా? అందరూ అనుకునే ఆ హెర్పిస్?"

"ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు" అంది నర్సు. "ఇది ముఖ్యంగా ఉమ్మి ద్వారా అంటుకుంటుంది. ముద్దే పెట్టుకోనక్కర్లేదు. ఒకరి గ్లాసుతో ఇంకొకరు తాగినా చాలు. ఇంకో సంగతి చెప్పనా? పెద్దవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా ఇది ఎప్పుడో వచ్చిపోయే ఉంటుంది. చిన్నప్పుడొస్తే మామూలు జలుబులా పోతుంది, వచ్చినట్టే తెలియదు. మీలా పెద్దయ్యాక వస్తేనే ఇలా మంచానేస్తుంది. మీ రూమ్మేట్లకి కూడా ఎప్పుడో వచ్చే ఉంటుంది."

"మరి నాకెవరి నుంచి వచ్చింది?"

"అది చెప్పలేం. అంటుకున్నాక బయటపడటానికి నెల, నెలన్నర పడుతుంది. ఒకసారి వచ్చినవాళ్ళలో జీవితాంతం ఉండిపోతుంది. వాళ్ళు ఆరోగ్యంగానే ఉంటారు, అప్పుడప్పుడూ ఉమ్మిలో ఆ వైరస్ వస్తుంటుంది. ఇచ్చినవాళ్ళకే తెలియదు ఇచ్చామని."

ఫోన్ పెట్టేశాక కనకదుర్గ గోడకి చేరగిలబడి కూర్చుంది. నెలన్నర కింద ఎవరి గ్లాసుతో తాగింది? ఎవరి గ్లాసూ కాదు. డిసెంబరంతా, జనవరంతా ఒకే సీసా, ఒకే చెంచా. అది ఎవరితోనో కొత్తగా ఆలోచించాల్సిన పని లేదు.

ఆమెకి కోపం రాలేదు. అంతకన్నా కష్టంగా ఉంది. తనకి అంటించినదీ, అంటుకుంటుందని పారిపోయినదీ ఒకే మనిషి అయ్యుండొచ్చు. ఆ సంగతి చెప్పుకుందామన్నా, ఇలాంటివి చెప్పుకోడానికి ఆమెకున్నది ఆ మనిషే.

వాళ్ళిద్దరూ షిఫ్టు నుంచి వచ్చాక, వంటింటి గుమ్మం దాటకుండా నిలబడి నర్సు చెప్పిన మాటల్లో సగం చెప్పింది. వ్యాక్సిన్ లేదనీ, చాలామందికి ముందే వచ్చి ఉంటుందనీ, ఎంగిలి గ్లాసులు, చెంచాలు వాడకుండా ఉంటే చాలనీ చెప్పింది. నీళ్ళ సీసా మాటెత్తలేదు.

స్వీటీ ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. "వ్యాక్సిన్ కూడా లేదంటే ఎంత డేంజరో నువ్వే ఆలోచించు. గూగుల్‌లో ఇంకోలా ఉంది అక్కా. లైఫ్‌లాంగ్ పోదంట గదా."

"పోదు. ఆటలమ్మ కూడా పోదు స్వీటీ. అదీ ఈ కుటుంబమే. నీ నుదుటిమీద ఆ మచ్చ ఆటలమ్మదేనన్నావు కదా, అది ఇంకా నీ ఒంట్లోనే నిద్రపోతోంది."

స్వీటీ చెయ్యి నుదుటిమీదికి పోయింది. ముఖం ఎర్రబడింది. "నన్నెందుకు కలుపుతావు దాంట్లో? మాది దేవుడిచ్చింది" అని కత్తి పక్కన పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది. కనకదుర్గ వర్షిణి వైపు చూసింది. వర్షిణి స్టవ్ మీది గిన్నెలోకి చూస్తూ, "నాకు పెండ్లి సంబంధం నడుస్తుందని నీకు తెల్సు" అంది మెల్లగా. "వాళ్ళ కజిన్ ఈ ఊర్లనే ఉన్నడు. ఇంట్ల ఇట్లాంటిదుందని తెలిస్తె... నేనేం జేస్తనే?"

కనకదుర్గ గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి వెళ్ళి పడుకుంది.

మార్చి నెలాఖరుకి వాళ్ళిద్దరూ ఊరికి అవతలి వైపు వేరే ఇల్లు చూసుకున్నారు. వెళ్ళే రోజు స్వీటీ ముందే కారులో కూర్చుంది. వర్షిణి చివరి సంచీ కోసం వచ్చి గుమ్మంలో ఆగింది. కనకదుర్గ సాయం చేద్దామన్నా ఏదీ ఎత్తకూడదు. పరుపు అంచున కూర్చుని చూస్తోంది.

"పోతున్న గదా. ఇప్పుడన్న నిజం జెప్పు" అంది వర్షిణి. "నాతోని దాచినవనే నా బాధ. ఇంకేం లేదు. ఎవరినుంచే?"

జవాబు కనకదుర్గ నాలుక చివరిదాకా వచ్చింది. నీ నుంచే కావచ్చే అంటే చాలు. నర్సు మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. చెబితే వర్షిణి ఆ కారు ఎక్కగలదా? ఎక్కినా, ఆ సంబంధంవాళ్ళ ముందు మునుపటిలా కూర్చోగలదా? కావచ్చు అన్న ఒక్క మాట పట్టుకుని తనని ఎలా వెలివేశారో ఆమె చూసింది. అదే మాట ఇంకొకరి నెత్తిన పెట్టడానికి నోరు రాలేదు.

"తెలీదు వర్షీ. తెలుసుకునే పద్ధతి లేదన్నారు."

వర్షిణి నమ్మలేదు. సంచీ భుజాన వేసుకుని, "మందులేసుకో" అంది అలవాటుగా. మందులు లేవని ఇద్దరికీ తెలుసు. తలుపు మూసుకుంది.

ఏప్రిల్‌లో మంచు కరగడం మొదలైంది. కిటికీ రోజుకింత పైకి తేలుతోంది. కనకదుర్గకి మెడ గడ్డలు తగ్గాయి, అన్నం సహించింది. ఒక రోజు వీధి చివరిదాకా, ఇంకో రోజు నదిదాకా నడవగలిగింది. నది మీద మంచు పలకలు విరిగి ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతుంటే చాలాసేపు అక్కడే నిలబడింది. పక్కన ఎవరో ఉన్నట్టు "చూడవే" అనబోయి, నోరు మూసుకుంది.

డాక్టరు కడుపు తడిమి చూసి ఇక పని చేసుకోవచ్చన్నాక మార్కెట్‌కి వెళ్ళింది. వర్షిణి షిఫ్టు మార్పించుకుంది. కోదండరామ్ ఆమెని మనవాళ్ళెవరితోనూ పెద్దగా కలవక్కర్లేని రొట్టెల విభాగంలో వేశాడు. పొద్దుటినుంచీ రొట్టెలు సర్దడం, కస్టమర్లకి గుడ్ మార్నింగ్ చెప్పడం. అవి తప్ప నోరు తెరవకుండా ఇంటికి వెళ్ళిన రోజులున్నాయి.

మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం, లంచ్‌రూమ్‌లో ఆమె ఒక్కతే తింటుంటే వర్షిణి వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. ముఖం పీక్కుపోయింది.

"టెస్ట్ చేయించుకున్న" అంది. "భయమైంది. నాకు చానా ఏండ్ల కిందనే వచ్చిపోయిందంట. పాతదంట. నాకు తెల్వనే తెల్వదు." టేబుల్ మీద గోటితో గీసింది. "మొత్తం అడిగిన డాక్టర్‌ని. సీసాల సంగతి గూడ అడిగిన. దుర్గా, ఆ రోజు నీకు ఇదంతా తెల్సా?"

కనకదుర్గ పెరుగన్నం కలుపుతూనే, "తెలుసు" అంది.

"మరెందుకు జెప్పలే?"

"నీ నుంచే అని ఎవరూ చెప్పలేరే. స్వీటీ టీ కప్పు కావచ్చు, కాలేజీలో పార్టీ కావచ్చు. చెప్తే నువ్వు జీవితాంతం నీ నుంచే అనుకుంటావు."

వర్షిణి రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. రొట్టెల విభాగం కెనడా అమ్మాయి తలుపు తీసి, చూసి, మళ్ళీ మూసింది. కనకదుర్గ లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి వేసిందే కానీ, మునుపు ఇలాంటప్పుడు ఏమనేదో ఎంత వెతికినా మాట దొరకలేదు.

"గ్రూప్‌ల నేను చెప్త అందరికి" అంది వర్షిణి ముక్కు తుడుచుకుంటూ.

చెప్పింది కూడా. నిజంగానే రెండు పేరాలు రాసింది, తన టెస్ట్ సంగతితో సహా. దాని కింద ఇద్దరు ముగ్గురు దణ్ణం బొమ్మలు పెట్టారు. కోదండరామ్ మళ్ళీ నువ్వు అనడం మొదలుపెట్టాడు. సంబంధంవాళ్ళు అవన్నీ పట్టించుకోనే లేదట, నిశ్చితార్థం కుదిరింది. అయినా వర్షిణి కొత్త ఇంటికి అప్పటికే ఏడాది లీజు రాసేసింది. ఊరికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. కనబడితే నవ్వుకుంటారు, తిన్నావా అంటే తిన్నావా అనుకుంటారు. మధ్యలో ఏదో చాలా మర్యాదగా కూర్చుంది, లేవదు.

ఆ నెలాఖరుకే బేస్‌మెంట్‌లోకి ఇద్దరు కొత్తమ్మాయిలు దిగారు. బేబీది అనకాపల్లి, అమృతది నిజామాబాద్. ఇంకా విమానం నిద్ర తీరని కళ్ళతో పచ్చళ్ళ డబ్బాలు బయటికి తీస్తున్నారు. ఎవరో చెప్పగా వినడం కన్నా తనే చెప్పడం నయమనుకుంది కనకదుర్గ. వాళ్ళని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ముద్దు జబ్బన్న మాటతో సహా, హెర్పిస్ కుటుంబమన్న మాటతో సహా, తనలో అది ఎప్పటికీ ఉండిపోతుందనీ, వ్యాక్సిన్ లేదనీ అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ తలుపు వైపే చూసింది, వాళ్ళు లేస్తే ఎటు లేస్తారోనని.

అమృత ఆవలిస్తూ, "మా చెల్లెకు గట్లనే మెడలు వాచినయి అక్కా, గదే కావచ్చు" అంది.

బేబీ కాస్త ఆలోచించింది. "అంటే ఒకలి గ్లాసుతో ఒకలు తాగకూడదు, అంతే కదక్కా? మా ఇంట్లో మా మామ్మ ఎలాగూ తాగనివ్వదు. సరే గానీ, కుక్కర్ ఎక్కడుందీ? ఆకలేసి చచ్చిపోతన్నాను."

కనకదుర్గకి నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. కళ్ళ నీళ్ళు తిరిగేదాకా నవ్వుతుంటే వాళ్ళిద్దరూ వింతగా చూశారు. తనని ఇన్ని నెలలు ఒక గదిలో పడేసిన విషయం వీళ్ళకి కుక్కర్ పాటి కూడా చెయ్యలేదు. ఈ మాట వర్షిణికి చెప్పాలి, విరగబడి నవ్వుతుంది అనుకుని ఫోన్ తీసి సగం టైప్ చేసింది. చదువుకుంది. ఒక్కొక్క అక్షరం చెరిపేసింది. ఈ మాట వింటే వర్షిణి ఇప్పుడు నవ్వదు, సారీ అంటుంది.

ఫోన్ బల్ల మీద బోర్లించి, "అదిగో, ఆ కింది అరలో" అంటూ బియ్యం కొలవడానికి లేచింది.